గాలి పంపు ముందు మంచం

మా మిల్లులో అన్నిటికంటే చల్లగా ఉండే చోటు కాస్టిక్ గది. పెళ్ళయిన కొత్తలో ఈ మాట ఫోన్లో చెబితే మా పుట్టింటివాళ్ళు పడీపడీ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. అందులో నవ్వాల్సిందేముందో ఆయనకు అర్థం కాలేదు.

రాయచూరు శివార్లలో పత్తిగింజల నూనె శుద్ధి చేసే చిన్న మిల్లు మాది. గింజల నుంచి తీసిన పచ్చి నూనె నల్లగా ఉంటుంది. అది చూస్తే జన్మలో పూరీలు తినబుద్ధి కాదు. అందులో కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి వేడి చేస్తే మురికంతా మడ్డిగా కిందికి దిగి, పైన బంగారు రంగు నూనె తేలుతుంది. మడ్డిని సబ్బుల వాళ్ళు పట్టుకుపోతారు. ఇక ఆ కాస్టిక్ నీళ్ళను నేల మీది తొట్టి నుంచి పైన ట్యాంకులోకి ఎక్కించడానికి ఒక పంపు ఉంది. దానికి కరెంటు మోటారు లేదు. గాలితో నడుస్తుంది. అందుకే అందరూ దాన్ని గాలి పంపు అంటారు. లోపల రెండు అరలు, ఒక్కో అరలో ఒక రబ్బరు పొర. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఓసారి ఈ పొరను, ఓసారి ఆ పొరను నెడుతుంది. పొరకు అవతలి వైపున్న కాస్టిక్ ఆ నెట్టుడుకు పైకి ఎక్కుతుంది. పని చేసి అలసిపోయిన గాలి పక్కనున్న రంధ్రంలోంచి ఫుస్సుమంటూ బయటికి వచ్చేస్తుంది.

అసలు సంగతంతా ఆ ఫుస్సులోనే ఉంది. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కితే వేలికి చల్లగా తగులుతుంది చూడండి, ఇదీ అంతే. ఒత్తిడిలో ఇరుక్కున్న గాలి ఒక్కసారిగా విచ్చుకుంటే చల్లబడుతుంది. రాయచూరు ఎండల్లో, తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే రోజుల్లో కూడా, ఆ రంధ్రం చుట్టూ తెల్లగా మంచు పేరుకునేది. కూలర్లో ఎంత నీళ్ళు పోసినా రాని చలువ అది. ఇక జనం ఊరుకుంటారా? ప్యాకింగ్ ఆడవాళ్ళు మజ్జిగ సీసాలు తెచ్చి అక్కడ పెట్టేవారు. పుచ్చకాయ కోయాలంటే ముందు దాన్ని పంపు ముందు పడుకోబెట్టాల్సిందే. పుచ్చకాయ పక్కనే, నులక మంచం మీద, మా మామయ్య పడుకునేవారు.

మిల్లు కట్టింది మామయ్యే. కొడుకు చేతికి అప్పగించి చాలా కాలమైనా, రోజూ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నుంచి బాయిలరు దాకా అందరినీ పలకరించి, నాలుగు తిట్లు తిట్టి, మధ్యాహ్నం భోజనం కాగానే కాస్టిక్ గదికి చేరేవారు. ఆ చోటంటే ఆయనకు నిద్రపోయే చోటు మాత్రమే కాదు, మర్యాద చేసే చోటు కూడా. ఇంటికి అల్లుడొస్తే దిండు వేసినట్టు, మిల్లుకు ఎవరొచ్చినా గాలి ముందు కుర్చీ వేయించేవారు.

"మెహమాన్ వచ్చిండు, హవా ముందట కుర్చీ ఎయ్యి," అని ఆయన ఒక్క కేక వేస్తే ఆపరేటర్ పరుగున కుర్చీ తెచ్చేవాడు.

కవితాళ నుంచి వచ్చే గింజల బ్రోకరు ఒకాయన బేరం మధ్యలో ఆ కుర్చీలోనే కునుకు తీశాడట. లేచాక సిగ్గుపడి మామయ్య చెప్పిన ధరకే ఒప్పుకున్నాడట. అప్పటినుంచి ఆ గాలి మీద మామయ్యకు నమ్మకం కూడా కుదిరింది. గాలి ఇంకా బాగా రావాలని రంధ్రానికి ఉన్న సైలెన్సర్ను ఈ ఎండాకాలం మొదట్లో విప్పించేశారు. చప్పుడు రెట్టింపయింది. ఆ చప్పుడులో ఆయన హాయిగా గురక పెట్టేవారు. ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టడం లేదని మాకే ఫిర్యాదు చేసేవారు.

పంపు నడిపే ఆపరేటర్ యరగేర నుంచి వస్తాడు, నేను అన్నా అని పిలుస్తాను. అతనిది ఇంకో రకం మంచితనం. అరగంటలో అయిపోయే పనిని మధ్యాహ్నమంతా సాగదీసేవాడు. ఎందుకన్నా ఇంత నెమ్మది అని అడిగితే, "పెద్దసేటు ఆరాంగ పండుకున్నడు మేడం. పంపు బంద్ జేస్తే లేస్తడు. గందుకే జర మెల్లగ నడుపుతున్న," అన్నాడు. ఇంత ప్రేమగా చెప్పిన మనిషిని నేనేం కోప్పడను? అయినా కోప్పడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ విషయం మా వాళ్ళందరికీ తెలుసు.

శుద్ధి విభాగం మా ఆయన నాకు అప్పగించింది ఈ సంవత్సరమే. పెళ్ళికి ముందు నేనొక రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడా ఇలాంటి గాలి పంపులే ఉండేవి. కానీ ఒక్క దాని ముందు కూడా గాలి తగిలేది కాదు. ప్రతి రంధ్రానికీ ఒక పైపు బిగించి, గోడ దాటించి, మనుషులు తిరగని చోట వదిలేవారు. ఎందుకని అడిగితే అక్కడి పెద్దాయన చెప్పిన కారణం చాలా చిన్నది. లోపలి రబ్బరు పొర ఏదో ఒక రోజు చిరుగుతుంది. చిరిగిన క్షణం నుంచి ఆ చిల్లులోంచి కాస్టిక్ గాలి వైపుకు వచ్చి, గాలి పోయే దారి పట్టుకుని, అదే జోరుతో బయటికి చిమ్ముతుంది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది. కాస్టిక్ చేతి మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది.

శుద్ధి విభాగం నా చేతికి వచ్చిన రోజుల్లోనే మామయ్యకు కంటి ఆపరేషన్ అయింది. కుడి కంట్లో శుక్లం తీశారు. ఎడమ కన్ను ఎప్పుడో చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. అంటే ఆయనకు ఉన్నదల్లా ఆ ఒక్క కన్నే. అది కూడా ఏళ్ళ తరబడి మసకబారి, ఈ మధ్య మనిషిని గొంతును బట్టే గుర్తుపట్టేవారు. కట్టు విప్పి ఆటోలో ఇంటికి తీసుకొస్తుంటే, దారి పొడవునా గోడల మీద రాతలన్నీ పైకి చదువుతూ వచ్చారు. కన్నడంలో "ఇల్లి మూత్ర మాడబారదు" అని, అంటే ఇక్కడ మూత్రం పోయకూడదని రాసిన హెచ్చరికను కూడా వదల్లేదు. అది మూడు చోట్ల ఉంటే మూడు చోట్లా చదివారు. ఇంటికి రాగానే అత్తయ్యను చూసి, "ఏందే, గింత ముసలిదానివి ఎప్పుడైనవ్?" అన్నారు. ఆవిడ సిగ్గుపడిందో కోప్పడిందో తెలియదు గానీ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆ సంతోషం మా ఇంటిల్లిపాదికీ అంటుకుంది. నేనైతే ఆ వారమంతా ఊరికే నవ్వుతూ తిరిగాను.

డాక్టరు కంట్లో నీళ్ళు పడనీయొద్దన్నాడు, దుమ్ము పడనీయొద్దన్నాడు, కొన్ని వారాలు జాగ్రత్తగా ఉండమన్నాడు. మామయ్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, సరిగ్గా వారం తిరగకుండానే, మిల్లుకు వచ్చి పంపు ముందు మంచం వాల్చారు. తల పెట్టింది రంధ్రం వైపుకే.

"మామయ్యగారూ, ఇక్కడ పడుకోకండి. లోపల రబ్బరు చిరిగితే ఈ గాలి వచ్చే దారిలోనే కాస్టిక్ వచ్చేస్తుందండీ," అన్నాను.

"వస్తదా?"

"వస్తుందండీ."

"ఎప్పుడొస్తది?"

"ఎప్పుడని చెప్పలేమండీ."

"మరి వచ్చినప్పుడు చెప్పు బిడ్డా, లేస్త," అని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

ఆపరేటర్ అన్న నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను మా ఆయన దగ్గరికి వెళ్ళి గొడవ చేశాను. ఆయన పత్తి మార్కెట్టుకు బయల్దేరుతూ బండి మీద కూర్చుని ఉన్నాడు. "మా నాయిన నడుమ, నీ నడుమ హవా గూడ జొర్రదు. నన్నేడికెళ్ళి జొర్రమంటవ్?" అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. మా ఇంటి మగవాళ్ళకు మాట దాటేయడం పుట్టుకతో వచ్చిన విద్య.

సరే, మనిషి కదలకపోతే గాలినే కదిలిద్దాం అనుకున్నాను. అమావాస్య నాడు మా దగ్గర మిల్లులు నడవవు. యంత్రాలన్నీ కడిగి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వదిలేస్తారు. ఆ రోజు పూజ అయ్యాక పైపుల మిస్త్రీని పిలిపించాను. ఆయన ఉర్దూ తెలుగు కలగలిపి మాట్లాడతాడు, పని కంటే కబుర్లు ఎక్కువ. తన సంచిలోంచి సన్నటి పైపు ఒకటి తీసి, "క్యా మేడం, హవా పోనీకి ఏం లావు పైపు గావాలె? గీ సన్నది చాలు," అన్నాడు.

సన్న పైపు పెడితే గాలి వెనక్కి తంతుందని, పంపు ముక్కు మూసుకుని పరుగెత్తినట్టు ఆయాసపడుతుందని చెప్పాను. రంధ్రం ఎంత ఉందో పైపు కనీసం అంత ఉండాలి, పొడుగు ఎక్కువైతే ఇంకాస్త లావుండాలి, వంపులు వీలైనంత తక్కువుండాలి. మిస్త్రీ నిట్టూర్చి బజారుకు వెళ్ళి లావు పైపు తెచ్చాడు. సాయంత్రానికి పైపు గోడ దాటి మిల్లు వెనక వైపుకు వెళ్ళింది. మర్నాడు పంపు నడిపిస్తే కాస్టిక్ గది ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. గెలిచాననుకున్నాను.

మధ్యాహ్నం మామయ్య వచ్చి మంచం మీద కూర్చుని గాలి కోసం చెయ్యి చాపారు. గాలి లేదు. నా వైపు ఒకసారి చూసి, లేచి వెళ్ళిపోయారు. నా మనసు చివుక్కుమంది. అయినా బింకంగా లెక్కలు చూసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి వెనక నుంచి గురక వినబడింది. వెళ్ళి చూద్దును కదా, మిల్లు వెనక గోడ నీడలో, పైపు చివర తలకు సరిగ్గా జానెడు దూరంలో ఉండేలా మంచం వేసుకుని మామయ్య నిద్రపోతున్నారు. పక్కన పుచ్చకాయ కూడా ఉంది.

లేచాక ఆయన నన్ను పిలిపించి నలుగురిలో మెచ్చుకున్నారు.

"పైపు ఏడికి పోతుందో సూసుకుంట పోయిన. దొరికింది. గదిల మడ్డి వాసన ఉండె, ఈడ గా వాసన లేదు. రోడ్డు గూడ కనబడుతది. మంచి బందోబస్తు జేసినవ్ బిడ్డా," అన్నారు.

ప్యాకింగ్ ఆడవాళ్ళంతా నన్ను మెచ్చుకోలుగా చూశారు. మామగారికి ఆరుబయట పడక ఏర్పాటు చేసిన కోడలినని ఆ వారంలో మార్కెట్టు దాకా పేరొచ్చింది. గింజల బ్రోకరు వచ్చి, ఇప్పుడు ఇంకా బాగుందని, తన తరఫున కూడా థాంక్స్ చెప్పాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంతకుముందు గదిలో ఉన్నప్పుడు గాలి నలువైపులా చెదిరిపోయేది. ఇప్పుడు పైపులో నుంచి సూటిగా ఆయన మొహం మీదికే వస్తోంది. అంటే రబ్బరు చిరిగితే కాస్టిక్ కూడా గురి తప్పకుండా అక్కడికే వస్తుంది.

అత్తయ్యతో చెప్పిస్తే మామయ్య వింటారనుకున్నాను. ఆవిడ అప్పటికే నా మీద గుర్రుగా ఉంది.

"ముసలోనికి గా ఇంత నిద్ర. గా నిద్ర గూడ నీ కండ్లల్ల పడ్డదా?" అంది.

"అది కాదండీ అత్తయ్యా. రబ్బరు చిరిగితే ఆయన కన్ను పోతుందండీ. ఉన్నది ఒక్క కన్నే కదండీ," అన్నాను.

ఆవిడ చేతిలోని గరిట అలాగే ఆగిపోయింది. "నోట్లెకెళ్ళి మంచి మాట రాదా నీకు? మొన్ననే కండ్లు దెర్సినోనికి గిట్ల అంటవా?" అని ఆవిడ మొహం తిప్పేసుకుంది.

మా అత్తవారింట్లో కీడు మాట పైకి అనకూడదు. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. ఇంట్లో బియ్యం అయిపోయినా, నిండుకున్నాయంటారే తప్ప అయిపోయాయని అనరు. మా పుట్టింట్లోనూ ఇవన్నీ ఉన్నాయి కానీ, బాళగనూరు కాలువ కింద మడిలో నిలబడి పెరిగిన మేము పాముంటే పామని అరుస్తాం. లేకపోతే పక్కవాడు తొక్కుతాడు. రాబోయే ప్రమాదాన్ని నోటితో చెప్పకుండా ఎలా ఆపాలో నాకు ఎవరూ నేర్పలేదు. అత్తయ్య మాట్లాడ్డం మానేసింది. క్యారియరు మాత్రం రోజూ వచ్చేది, అందులో నాకిష్టమైన పచ్చి పులుసు కూడా ఉండేది. మాటలు మానేసినా పులుసు మానలేదు కదా అని సరిపెట్టుకున్నాను గానీ లోపల చాలా బాధేసింది.

ఇక ఎవరికీ చెప్పే పని పెట్టుకోలేదు. మిస్త్రీని మళ్ళీ పిలిచాను. ఈసారి పైపును తొట్టిలోని కాస్టిక్ మట్టం కంటే బాగా ఎత్తుకు లేపాం, రబ్బరు చిరిగి పంపు ఆగినా తొట్టిలోని కాస్టిక్ ఈ పైపులోంచి తనంతట తానే జారిపోకుండా. అక్కడి నుంచి గోడ దాటించి కిందికి దించి, మూత బిగించిన ఒక నీలం డ్రమ్ములోకి దూర్చాం. రబ్బరు చిరిగి కాస్టిక్ వచ్చినా డ్రమ్ములోనే పడుతుంది, గాలి మాత్రం మూతకు పెట్టిన సైలెన్సర్ గుండా పైకి పోతుంది. డ్రమ్ము చుట్టూ జానెడు ఎత్తు సిమెంటు గట్టు కట్టించాను. గట్టు మీద ఇనుప జాలీ, జాలీకి తలుపు, తలుపుకు తాళం. తాళంచెవి నా కొంగుకు కట్టుకున్నాను.

మామయ్య వచ్చి జాలీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. "హవాకు జైలేసినవా?" అన్నారు.

"అవునండీ," అన్నాను.

"హవా ఏం తప్పు జేసింది?"

"ఇంకా ఏమీ చెయ్యలేదండీ. చెయ్యకముందే పట్టుకున్నాను."

ఆయన నవ్వాపుకోవడం నాకు కనబడింది. కానీ ఓడిపోయినట్టు ఒప్పుకునే రకం కాదు. సరుకు తూచే కాటా గదిలో కూలర్ పెట్టించి అక్కడ పడుకోమంటే, "డాక్టరు కంట్ల నీళ్ళు పడొద్దన్నడు, కూలర్ల నీళ్ళుంటయ్," అన్నారు. అంతవరకు డాక్టరు మాట ఒక్కటి కూడా వినని మనిషి! చివరికి కూలర్ తీసేసి, కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టించి, రెండు పూటలా ఆపరేటర్ అన్నతో తడిపించాను. మామయ్య అలకతోనే అక్కడికి మారారు. వచ్చిన ప్రతి మనిషినీ వెనక్కి తీసుకెళ్ళి జాలీ చూపించి, "మా కోడలు హవాను ఖైదు జేసింది. బెయిలు గూడ ఇస్తలేదు," అని చెప్పేవారు. పదిమంది నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. మొదటిసారి రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయాను.

అప్పటికి ఎండలు ఇంకా ముదిరాయి. ఒక మధ్యాహ్నం నేను నూనె నమూనా పరీక్ష చేస్తుంటే పంపు చప్పుడు మారింది. రోజూ నిదానంగా ఊపిరి తీసినట్టుండే చప్పుడు ఉన్నట్టుండి టకటకమని వేగం పుంజుకుంది. ఆపరేటర్ అన్న పరుగెత్తుకెళ్ళి గాలి వాల్వు కట్టేశాడు. ఇద్దరం వెనక్కి వెళ్ళాం. రబ్బరు చిరిగి వచ్చిన కాస్టిక్‌తో డ్రమ్ము కింది భాగం నిండి ఉంది. సైలెన్సర్ చిల్లుల్లోంచి తుంపరలు లేచి గోడ మీద పడ్డచోట నీలం రంగు పొక్కిపోయి జారుతోంది. జాలీ అవతల చుక్క కూడా లేదు. ఆ డ్రమ్ము నిలబడ్డ చోటే మొన్నటిదాకా మామయ్య తలగడ ఉండేది.

ఆపరేటర్ అన్న జాలీ పట్టుకుని నిలబడ్డాడు. పంపును మెల్లగా నడుపుతూ ఆయన్ను నిద్రపుచ్చింది తనే కదా. "నువ్వు తొందరగా వాల్వు కట్టేశావన్నా, లేకపోతే డ్రమ్ము పొంగేది," అన్నాను. అది అబద్ధం కాదు.

హడావిడి విని మామయ్య కాటా గదిలోంచి లేచి వచ్చారు. కళ్ళద్దాలు తీసి, జాలీ ఇవతలి నుంచే, ఆ ఒక్క కంటితో గట్టు లోపల పడ్డ తుంపరలను పరీక్షగా చూశారు.

"గిది నీళ్ళ లెక్కనే ఉంది గదా," అన్నారు.

"అవునండీ. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది."

ఆయన గోడ మీద పొక్కిన రంగును చూశారు. మంచం ఎక్కడ వేసేవారో ఆ నేలను చూశారు. మామయ్యకు జోకు తట్టకపోవడం నేను చూడ్డం అదే మొదలు. చెప్పులు వేసుకుని, ఎవరినీ తిట్టకుండా, పెందలాడే ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళిపోయారు. నేను పంపు విప్పించి, కొత్త రబ్బరు పొరలు వేయించి, డ్రమ్ములోని కాస్టిక్‌ను జాగ్రత్తగా తోడించి, మళ్ళీ జాలీకి తాళం వేసేసరికి దీపాల వేళ అయింది.

ఇంటికి వెళ్ళేసరికి మామయ్య వసారాలో వెల్లకిలా పడుకుని ఉన్నారు. అత్తయ్య పక్కన పీట వేసుకుని కూర్చుంది. కంట్లో మందు చుక్కలు వేసే వేళ అది. రోజూ వేసేది ఆవిడే, ఇంకెవరినీ వేయనిచ్చేది కాదు. ఈ రోజు సీసా మూత తీసి కంటి మీద పట్టుకుంది గానీ చెయ్యి వణికి చుక్క చెంప మీద పడింది. రెండోసారి నుదుటి మీద పడింది. జరిగింది ఆయనే చెప్పినట్టున్నారు. ఆవిడ నన్ను చూసి, ఇన్ని రోజుల తర్వాత నోరు విప్పింది.

"నువ్వెయ్యి బిడ్డా. నా చెయ్యి నిలుస్తలేదు," అని సీసా నా చేతిలో పెట్టింది.

నేను చెయ్యి కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాను. మామగారి మొహం అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. కింది రెప్పను వేలితో మెల్లగా లాగాను. ఎర్రటి సన్న నరాలు, మధ్యలో నల్లగా, తేటగా, మెరుస్తూ కనుపాప. దాంట్లో నేనే చిన్నగా కనబడుతున్నాను. ఇంత చిన్న వస్తువు కోసమా ఇంత గొడవ చేశాను అనిపించింది. ఆ వెంటనే, ఇది ఇవాళ పోయి ఉండేది అనిపించింది. అంతే, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగింది. మందు చుక్క కంటే ముందు నా కన్నీళ్ళే టపటపా ఆయన మొహం మీద పడ్డాయి.

మామయ్య కదల్లేదు. తెరిచిన కన్ను తెరిచినట్టే ఉంచి నన్నే చూస్తూ, "జర పక్కకు జరిగి ఏడువు బిడ్డా," అన్నారు. "డాక్టరు గీ మందు రాయలే."